కష్టం చేసిన ఒంటికి కసరత్తు ఎందుకు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో అరవై దాటినవాళ్ళ దగ్గర వ్యాయామం మాటెత్తితే ఎక్కువగా వినిపించే జవాబు ఇది: "నాటి నాటి, మోసి మోసి ఒల్లు ఇనుమయిపోనాది బావూ, ఇంకా ఎక్సర్‌సైజులేటి?" విజయనగరం అయ్యకోనేరు గట్టున పొద్దున్నే నడిచే రిటైర్డ్ ఉద్యోగిని అడిగితే మాట మారుతుంది: "రోజూ అరగంట నడుస్తున్నాను, ఇంకేం కావాలి?" ఒకరిది జీవితమంతా చేసిన కష్టం మీద నమ్మకం, ఇంకొకరిది పొద్దుటి నడక మీద నమ్మకం. రెండింట్లోనూ నిజం ఉంది. అయినా ఇద్దరూ ఒకే ప్రశ్నను దాటేస్తున్నారు. ఇప్పుడు, ఈ వారం, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఈ ఒళ్ళు ఏమేం చేయగలదు?

మన ప్రాంతంలో వ్యాయామం అనగానే కోడి రామ్మూర్తి గుర్తుకొస్తారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి. (వీరఘట్టం 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది.) ఆ పేరు మనకు గర్వమే. కానీ దాని వల్ల కసరత్తు అంటే కుర్రాళ్ళ కండల వ్యవహారమన్న అభిప్రాయం కూడా స్థిరపడిపోయింది. డెబ్బై ఏళ్ళ మామ్మకు దానితో పనేమిటని మనకు ఎప్పుడూ తోచదు.

ముందు మూడు మాటలను విడదీసుకోవాలి. ఒంట్లో కండరాలు కదిలి శక్తి ఖర్చయ్యే ఏ పనైనా శారీరక శ్రమే. ఇల్లు ఊడ్చినా, చేనుకు వెళ్ళినా, బజారుకు నడిచినా అందులోకే వస్తాయి. అందులో ఒక ఉద్దేశంతో, ఒక పద్ధతిలో, మళ్ళీ మళ్ళీ చేసేది వ్యాయామం. ఈ రెండింటి వల్ల ఒంట్లో మిగిలే సత్తువ ఫిట్‌నెస్. మొదటి రెండూ మనం చేసే పనులు, మూడోది మన దగ్గర ఉన్న నిల్వ. రోజువారీ పనులను ఆయాసపడకుండా, ఒకరి సాయం లేకుండా, పడిపోకుండా చేసుకోవడానికి సరిపడే నిల్వను ఫంక్షనల్ ఫిట్‌నెస్ అంటారు.

పెద్దవాళ్ళలో ఈ నిల్వను కొలిచే పరీక్షలను అమెరికాలోని కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, ఫుల్లర్టన్‌లో రాబర్టా రిక్లీ, జెస్సీ జోన్స్ 1999లో ఒక పద్ధతిగా కూర్చారు. కాళ్ళ బలం, చేతుల బలం, కీళ్ళు ఎంత వంగుతాయన్నది, బ్యాలెన్సుతో కూడిన చురుకుదనం, దమ్ము: వాళ్ళు విడివిడిగా చూసినవి ఇవి. విడివిడిగా చూడటంలోనే విషయమంతా ఉంది. ఒకటి బాగున్నంత మాత్రాన మిగతావి బాగుంటాయని లేదు. మూడు కిలోమీటర్లు ఆగకుండా నడిచే మనిషి నేల మీద భోజనానికి కూర్చుని లేవలేకపోవచ్చు. నీళ్ళ బిందె అలవోకగా ఎత్తే ఆవిడ ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు ఎక్కడానికి పక్కవాళ్ళ భుజం వెతుక్కోవచ్చు.

మన ఊళ్ళ లెక్కలో చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. అరసవల్లిలో రథసప్తమి నాడు గంటల తరబడి క్యూలో నిలబడాలంటే దమ్ముతో పాటు కాళ్ళలో ఓపిక కావాలి. రామతీర్థం బోడికొండ మెట్లు ఎక్కడానికి తొడల బలం కావాలి. దిగడానికి అదే బలాన్ని అదుపులో పెట్టగలగాలి, అది ఇంకా కష్టం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి మూడు లాంతర్ల దగ్గర జనంలో నిలబడితే పక్కనుంచి తోపులాట వస్తుంది. అప్పుడు కావలసింది బలం కన్నా వేగం. ఒరిగిన ఒంటిని ఆపడానికి కాలు తటాలున పక్కకు పడాలి.

ఇప్పుడు "నేను జీవితమంతా కష్టం చేశాను" అన్న మాట దగ్గరికి వద్దాం. పాతకాలపు వ్యవసాయంలో నిజంగానే అన్నీ ఉండేవి. వంగి నాటడం, గొంతుక్కూర్చుని కలుపు తీయడం, మోపు నెత్తికెత్తుకోవడం, బురదలో కాలు లాగి లాగి వేయడం, సన్నటి గట్టు మీద నడవడం. గట్టు మీద నడకకు మించిన బ్యాలెన్స్ సాధన ఏ జిమ్‌లోనూ దొరకదు. చిక్కేమిటంటే, ఒళ్ళు పాత కష్టాన్ని దాచిపెట్టుకోదు. వాడినంత కాలమే ఉంచుకుంటుంది. ట్రాక్టరు వచ్చాక, వరికోత మిషను వచ్చాక, పిల్లలు విశాఖకో హైదరాబాదుకో వెళ్ళిపోయి పొలం కౌలుకిచ్చాక ఆ కదలికలన్నీ ఒకేసారి ఆగిపోయాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతమైన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. నష్టం లెక్కల్లో చెట్లు రాశారు. తోటతో పాటు రోజూ తోటకు వెళ్ళి వంగి లేచే పని కూడా పోయింది కదా, అది ఏ లెక్కలోకీ రాదు.

పైగా ప్రతి కష్టమూ ఒళ్ళంతటికీ మేలు చేయదు. పొందూరులో రాట్నం ముందు రోజంతా కూర్చుని నూలు వడికే ఆవిడ వేళ్ళలో ఉన్న నేర్పు లోకానికంతటికీ తెలుసు. ఆ పనిలో తొడలకు, పిక్కలకు, గుండెకు దక్కేది మాత్రం దాదాపు ఏమీ లేదు. పలాస జీడి పరిశ్రమలో కూర్చుని పప్పు ఒలిచే పనీ అంతే. ఇక ఎండలో, చాలినంత విశ్రాంతి లేకుండా, సరైన తిండి లేకుండా ఏళ్ళ తరబడి చేసే బరువు పని గుండెకూ నడుముకూ భారమే తప్ప కసరత్తు కాదు. కసరత్తులో కండరానికి పని ఎంత ముఖ్యమో, తరువాత కోలుకునే సమయమూ అంతే ముఖ్యం. కూలి పనిలో ఆ రెండోది మన చేతిలో ఉండదు.

కండరం తగ్గడం అరవైలో మొదలయ్యే విషయం కాదు. యాభై దాటాక ఏటా ఒకటి రెండు శాతం చొప్పున కండ కరుగుతుంది. దీనికి సార్కోపీనియా అని 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ పేరు పెట్టారు. అయితే కండ కన్నా బలం త్వరగా తగ్గుతుంది, బలం కన్నా వేగం ఇంకా త్వరగా తగ్గుతుంది. కండరంలో నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసే పోగులు కొన్ని, తటాలున పనిచేసే పోగులు కొన్ని ఉంటాయి. వయసుతో ముందు సన్నబడేవి ఆ రెండో రకం. అందుకే డెబ్బై ఏళ్ళ తాత గంటసేపు నడవగలుగుతాడు, గడప తగిలి తూలితే మాత్రం కాలు ముందుకు వేయలేక పడిపోతాడు. నడకకు నెమ్మది పోగులు చాలు. పడకుండా ఆపేవి వేగం పోగులు, వాటిని నడక పెద్దగా తట్టి లేపదు.

మంచం పట్టడం దీన్ని ఎంత వేగవంతం చేస్తుందో 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళనే పది రోజులు పడకలో ఉంచి చూస్తే ఒక్క కాళ్ళలోనే దాదాపు కిలో కండ పోయింది. మన ఇళ్ళలో డెంగీకో, కంటి ఆపరేషన్‌కో "కదలకు, పడుకో" అని పది రోజులు మంచం మీద ఉంచేస్తాం. జ్వరం తగ్గాక మామ్మ బాత్రూమ్ దాకా నడవలేకపోతే జ్వరం నీరసమే అనుకుంటాం. సగం నీరసం ఆ మంచానిది.

ఈ నిల్వ గాదెలో ధాన్యం లాంటిది. నిండుగా ఉన్నవాడికి ఒక వానాకాలం పంట పోయినా ఇల్లు గడుస్తుంది, అడుగంటినవాడికి పది రోజుల ముసురు చాలు. మామూలు రోజుల్లో ఆ తేడా బయటికి కనపడదు. తుపాను హెచ్చరిక వచ్చి అర్ధరాత్రి షెల్టరుకు నడవాల్సి వచ్చినప్పుడు, అక్కడి మెట్లు ఎక్కాల్సి వచ్చినప్పుడు ఎవరి గాదె ఎంత ఖాళీయో తెలుస్తుంది.

ఖాళీ అయినది మళ్ళీ నిండుతుందా? నిండుతుంది, అది కూడా తొంభై ఏళ్ళ వయసులో. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల కేంద్రంలో మరియా ఫియాటరోన్ బృందం తొంభై ఏళ్ళ చుట్టుపక్కల వయసున్న పదిమంది చేత కాళ్ళతో బరువులెత్తించింది. తేలిక బరువులు కావు, వాళ్ళ శక్తికి గట్టి పరీక్ష పెట్టేవే. ఎనిమిది వారాలు పూర్తి చేసిన తొమ్మిది మందిలో తొడ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. నాకు ఇంతకన్నా ముఖ్యమని తోచింది తరువాతి సంగతి: సాధన ఆపేసిన నాలుగు వారాల్లో పెరిగిన గరిష్ఠ బలంలోంచి 32 శాతం తగ్గిపోయింది. "జీవితమంతా చేశాను కదా" అన్న మాటకు జవాబు ఇక్కడే ఉంది.

అది చిన్న ప్రయోగం. పెద్దది 2014లో వచ్చింది. 70 నుంచి 89 ఏళ్ళ మధ్య వయసుండి, నెమ్మదించినా నాలుగు వందల మీటర్లు నడవగలిగే 1,635 మందిని రెండు భాగాలుగా చేశారు. సగం మంది నడకతో పాటు కాళ్ళకు బలం, బ్యాలెన్స్, సాగదీత వ్యాయామాలు చేశారు. మిగతా సగం ఆరోగ్య పాఠాలు విన్నారు. సగటున రెండున్నరేళ్ళకు పైగా గమనిస్తే, నాలుగు వందల మీటర్ల నడక చేజారినవాళ్ళు పాఠాలు విన్నవారిలో 35.5 శాతం, వ్యాయామం చేసినవారిలో 30.1 శాతం. తేడా చిన్నదిగా కనిపించవచ్చు. గుడికి, రేషన్ షాపుకు, పక్కింటికి సొంతంగా వెళ్ళడమా మానడమా అన్నది తేలే దూరం అది.

ఇక అయ్యకోనేరు గట్టు మీది నడక. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. గుండెకు, షుగరుకు, బీపీకి, నిద్రకు, నలుగురితో నాలుగు మాటలకు అది మంచిదే. మానేయమని ఎవరూ చెప్పరు. కానీ పడిపోకుండా కాపాడే విషయంలో నడక ఒక్కటే చాలదు. ఇరవై మూడు వేల మందికి పైగా పాల్గొన్న 108 ప్రయోగాలను కలిపి 2019లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో, వ్యాయామం వల్ల పడిపోవడాలు 23 శాతం తగ్గాయి. బ్యాలెన్స్ సాధననూ బలాన్ని పెంచే కసరత్తునూ కలిపి చేసినవాళ్ళలో ఆ తగ్గుదల మూడో వంతు దాకా ఉంది. నడక ఒక్కటే చేసినవాళ్ళలో మేలు ఉందని గట్టిగా చెప్పలేకపోయారు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది. 65 దాటినవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ శ్రమ చేయాలి, వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలం పెంచే పని పెట్టాలి, కనీసం మూడు రోజులు బ్యాలెన్స్, బలం కలిసిన వ్యాయామం చేయాలి. మనవాళ్ళు మొదటి ముక్క విని, మిగతా రెండూ వదిలేశారు. డాక్టరు కూడా చీటీ మీద "వాకింగ్" అని ఒక్క మాట రాసి పంపేస్తే వాళ్ళది మాత్రం తప్పేముంది?

ఎవరి సంగతి వాళ్ళు ఇంట్లోనే చూసుకోవచ్చు. చేతులు లేని, గట్టి కుర్చీ ఒకటి, సుమారు పదిహేడు అంగుళాల ఎత్తున్నది, గోడకు ఆనించాలి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, అది జారుతుంది. రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, అర నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో పక్కన ఒకరు లెక్కపెట్టాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం 65–69 ఏళ్ళ మగవాళ్ళు 12 సార్లు, ఆడవాళ్ళు 11 సార్లు లేవలేకపోతే బలం తక్కువని అర్థం. 70–74లో ఆ అంకెలు 12, 10. 80–84లో 10, 9. చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే సున్నా. మరొకటి, అదే కుర్చీలోంచి లేచి పది అడుగుల దూరం మామూలుగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. ఇవి అమెరికా వాళ్ళ కొలతలు కాబట్టి మనకు ఒక అంచనాగానే పనికొస్తాయి. నా దృష్టిలో ఒకసారి వచ్చిన అంకె కన్నా, ఆర్నెల్ల కిందటి సొంత అంకెతో పోల్చుకోవడం మేలు.

నేల మీద కూర్చునే మనలాంటి వాళ్ళకు కుర్చీ కన్నా బాగా అతికేది బ్రెజిల్ వైద్యుడు క్లాడియో గిల్ అరౌజో పరీక్ష. ఏ ఆసరా లేకుండా నేల మీద కూర్చుని లేవాలి. కూర్చోవడానికి అయిదు మార్కులు, లేవడానికి అయిదు. చెయ్యి గానీ మోకాలు గానీ ఆనించిన ప్రతిసారీ ఒక మార్కు పోతుంది. నేల మీద పెరిగిన మన పెద్దలు ఇందులో మిగతావాళ్ళ కన్నా ముందుండాలి. ఇల్లు మారిపోతున్నకొద్దీ ఆ ఆధిక్యం పోతోంది.

ఇల్లు మారడం గురించి కాస్త ఆగి చెప్పాలి. పీట పోయి డైనింగ్ టేబుల్ వచ్చింది. కట్టెల పొయ్యి పోయి నిలబడి వండే గ్యాస్ గట్టు వచ్చింది. రోలు పోయి మిక్సీ వచ్చింది, నుయ్యి పోయి కుళాయి వచ్చింది. ఇవన్నీ రావాల్సినవే, ముఖ్యంగా ఆడవాళ్ళ నడుములకు ఇన్నాళ్ళకు దొరికిన ఊరట. పింఛను కూడా నెల మొదట్లో ఇంటికే వచ్చి చేతిలో పెడుతున్నారు. నడవలేనివాళ్ళకు అది నిజంగా మేలు, నడవగలిగినవాళ్ళకు నెలకో ప్రయాణం తగ్గింది. వీటన్నిటి పైన పిల్లల ప్రేమ ఒకటి. "నువ్వు కూకో అమ్మా, నేను చేస్తాను కదా." నీళ్ళు చేతికందిస్తారు, మంచం దగ్గరికే కంచం తెస్తారు. ఊళ్ళో అది మర్యాద. మంచం మీంచి లేచే ప్రతి అవకాశాన్నీ ప్రేమతో లాగేసుకుంటున్నామని ఎవరికీ తట్టదు. చీపురు లాక్కోవడం కన్నా, ఊడ్చేటప్పుడు జారే గచ్చు తుడిచి ఆరబెట్టి ఇవ్వడం మంచిది.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. లేచేటప్పుడు చురుగ్గా, కూర్చునేటప్పుడు మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా. పది పన్నెండు సార్లు తేలికైపోతే కుర్చీ ఎత్తు తగ్గించాలి, లేదా రెండు కిలోల బియ్యం సంచి గుండెలకు హత్తుకోవాలి. ఇది చాలామంది వదిలేసే విషయం: అదే పని అదే లెక్కన ఏడాది పొడుగునా చేస్తే కొన్నాళ్ళ తరువాత బలం పెద్దగా పెరగదు. కొంచెం కొంచెం కష్టం పెంచుతూ పోవాలి. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం పిక్కలకు. ఒక పాదం వెనక ఇంకో పాదం ఆనించి పది సెకన్లు నిలబడటం, ఆ తరువాత అలాగే గీత మీద నడవడం బ్యాలెన్సుకు. పక్కనే గోడో మంచమో ఉండాలి. నెమ్మది కదలికలతో చేసే చైనా వాళ్ళ తైచీ మీద ఎన్నో ప్రయోగాలు జరిగాయి, అది మన ఊళ్ళో నేర్పేవాళ్ళు తక్కువ. తప్పెటగుళ్ళ (మన జానపద నృత్యం) అడుగులు తెలిసిన ఊళ్ళో పెద్దవాళ్ళకు వాటిలోని తేలికైన పక్క అడుగులు, తిరుగుళ్ళు నేర్పితే సరదాకు సరదా, సాధనకు సాధన. గెంతులు మాత్రం కుర్రాళ్ళకే వదిలేయాలి.

"మోకాలి గుజ్జు అరిగిపోయింది, ఇక కదిపితే ఇంకా అరుగుతుంది" అన్న భయం ఒకటి ఉంది. మోకాళ్ళ అరుగుదలకు ముందుగా సూచించే వైద్యాల్లో వ్యాయామం ఒకటి. తొడ కండరం బలపడితే కీలు మీద భారం తగ్గుతుంది. లోతుగా గొంతుక్కూర్చోవడం నొప్పి పెడితే దాన్ని వదిలేసి ఎత్తు కుర్చీతో మొదలుపెట్టాలి. కొద్దిపాటి నొప్పి ఉన్నా చేయవచ్చు. మర్నాటికీ తగ్గకుండా ఉన్నా, వాపు వచ్చినా తగ్గించుకోవాలి.

ఆ నొప్పికి మన జిల్లాల్లో జరిగేది వేరు. పని చేసి ఒళ్ళు నొప్పులంటే మందుల షాపులో చీటీ లేకుండానే నొప్పి మాత్ర. ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ళుగా మనుషులను తీసుకుపోతోంది. దానికి కచ్చితమైన కారణమేదో ఇంకా పూర్తిగా తేలలేదు. కారణం ఏదైనా, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయన్నది తేలిన విషయం. ఉద్దానంలో కండరానికి బలం చేకూర్చడం అంటే ఆ మాత్రల అవసరాన్ని తగ్గించుకోవడం కూడా.

తిండి విషయంలోనూ ఉద్దానానికి ఒక మినహాయింపు ఉంది. మామూలుగా పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము, అంతకు కొంచెం పైన ప్రొటీన్ అవసరమని నిపుణులు అంటారు. యాభై కిలోల మామ్మకు యాభై గ్రాములు. పొద్దున చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం అన్నం చారు, రాత్రి మళ్ళీ అదే అయితే అంత రాదు. పప్పు, ఉలవలు, గుడ్డు, పాలు, చేప ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు మాత్రం ఈ లెక్క వర్తించదు. ప్రొటీన్ ఎంతన్నది వాళ్ళ డాక్టరే చెప్పాలి. వాళ్ళు కూడా వ్యాయామం చేయవచ్చు, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళూ చేయవచ్చు, డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. ఛాతీలో నొప్పి, నడిస్తే విపరీతమైన ఆయాసం, లేవగానే కళ్ళు తిరగడం ఉన్నవాళ్ళు ఎవరైనా ముందు చూపించుకోవాలి. కళ్ళు తిరగడం కొన్నిసార్లు బీపీ మాత్రల మోతాదు వల్ల కూడా వస్తుంది, డాక్టరు దాన్ని సరిచేస్తే తగ్గవచ్చు. వేసవిలో తెల్లవారుజామునే ముగించేయాలి, సముద్రపు ఉక్కలో చెమట ఆరదు.

ఎంత జాగ్రత్తపడినా ఎవరో ఒకరు ఎప్పుడో పడతారు. పిల్లలు దూరాన ఉన్న ఇళ్ళలో, పడటం కన్నా పడ్డాక గంటల తరబడి లేవలేకపోవడం ఎక్కువ ప్రమాదం. నేల మీంచి లేవడం కూడా బాగున్న రోజుల్లోనే, పక్కన ఒకరు ఉండగా, సాధన చేయాలి. ముందు పక్కకు ఒరగాలి. మోచేతి మీద, తరువాత రెండు చేతులూ రెండు మోకాళ్ళ మీద లేవాలి. అలాగే పాకుతూ మంచం దగ్గరికో గట్టి కుర్చీ దగ్గరికో చేరాలి. దాని మీద రెండు చేతులూ ఆనించి, బలంగా ఉన్న కాలి పాదాన్ని ముందుకు నేల మీద మోపి, దాని మీద బరువు వేసి లేచి, ఒళ్ళు తిప్పి ముందు ఆ మంచం మీదో కుర్చీలోనో కూర్చోవాలి. వెంటనే నిలబడకూడదు. తుంటిలో గానీ నడుములో గానీ తీవ్రమైన నొప్పి ఉంటే అసలు లేవడానికి ప్రయత్నించకూడదు, ఎవరినైనా పిలవడానికి చేతికందే దూరంలో ఫోన్ ఉండాలి. అందుకే ఫోన్ అల్మరా మీద కాకుండా జాకెట్టు సంచిలోనో, లుంగీ మొలలోనో ఉండటం మంచిది.